ఐపీ పెట్టినవాణ్ణి అడిగే హక్కు మనకుంది

"ఐపీ" అన్న మాటకి మన ఊళ్ళలో అర్థం చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు అక్షరం రాని ముసలమ్మకి కూడా తెలుసు. "ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడట" అన్న కబురు వస్తే చాలు, ఆ వీధిలో నాలుగిళ్ళలో ఆ పూట పొయ్యి వెలగదు. దాని పూర్తి పేరు ఇన్సాల్వెన్సీ పిటిషన్. "నా అప్పులు నేను తీర్చలేను, నన్ను దివాలాదారుగా ప్రకటించండి" అని అప్పు తీసుకున్నవాడు కోర్టులో వేసుకునే అర్జీ. అది అర్జీ మాత్రమే. కానీ జనం దృష్టిలో అదే తీర్పు. ఐపీ పెట్టాడంటే మన డబ్బు పోయినట్టే, ఇక ఏడ్చి ఊరుకోవలసిందే అని అందరి నమ్మకం.

ఈ నమ్మకం తప్పు. దీనివల్ల మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు. అయినా కట్నం కేసులకీ, మనోవర్తి కేసులకీ కదిలినట్టుగా మన సంఘాలు దీనికి కదలటం లేదు. ఇదీ నా అభిప్రాయం. దీన్ని నేను ఏ సెమినారులోనూ నేర్చుకోలేదు. అనకాపల్లిలో మా వీధి ఆడవాళ్ళం పన్నెండుమందిమి డబ్బు పోగొట్టుకుని, కోర్టు చుట్టూ తిరిగి నేర్చుకున్నాం.

మాది బెల్లం ఊరు. సీజనులో మార్కెట్టుకి బెల్లం దిమ్మలు వస్తూంటే ఊళ్ళో డబ్బు తిరుగుతుంది. సీజను కాని రోజుల్లో చిన్న వ్యాపారులకి చేతిలో రొక్కం ఉండదు. అప్పుడు వాళ్ళు వెళ్ళేది బ్యాంకుకి కాదు, పక్కింటికి. మా వీధిలో బెల్లం వ్యాపారం చేసే ఒకాయన అలాగే అందరి దగ్గరా చేబదుళ్ళు తీసుకున్నాడు. అడగటానికి వచ్చేది మాత్రం ఆయన భార్య. "వదినా, సీజను రాగానే ఇచ్చేస్తాం, నూటికి రెండు రూపాయలు వడ్డీ" అనేది. ఆమె ముఖం చూసి ఇచ్చాం. పాలు అమ్మిన డబ్బు, టైలరింగు డబ్బు, కూతురి పెళ్ళికని దాచిన డబ్బు. నావి అరవై వేలు. పన్నెండుమందివీ కలిపితే ఏడు లక్షల పైమాటే.

2016 నవంబరులో నోట్ల రద్దు వచ్చింది. వ్యాపారం దెబ్బతిందని వడ్డీ ఆపేశాడు. 2017 వేసవిలో కోర్టు నోటీసులు వచ్చాయి.

ఆ సాయంత్రం మేం చేసిన మొదటి పని నేను ఈనాటికీ మర్చిపోలేను. అందరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన లేడు. గుమ్మంలో భార్య ఉంది. ఒకామె శాపనార్థాలు పెట్టింది. ఇంకొకామె ఆమె చేతి గాజులు పట్టుకుని లాగింది. సంఘంలో పదేళ్ళుగా పనిచేస్తున్న నేను చూస్తూ నిలబడ్డాను. ఆ గుమ్మం ముందు నాకు 2010 గుర్తుకొచ్చింది. అప్పుడు మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు వాయిదా కట్టలేని ఆడవాళ్ళ గుమ్మాల్లో కూర్చుని పరువు తీస్తే మనమే ఊరేగింపులు చేశాం. ఆత్మహత్యలు జరిగాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఏడేళ్ళు తిరిగేసరికి అదే పని మేం ఇంకొక ఆడదాని గుమ్మంలో చేస్తున్నాం! ఆమె సంతకం ఏ నోటు మీదా లేదు. భర్త చేసిన అప్పుకి భార్య పుట్టింటి బంగారం జవాబుదారీ కాదు. మా డబ్బుతోనే ఆ గాజులు కొన్నారన్న అనుమానం ఉంటే దాన్ని తేల్చవలసింది కోర్టు, మా చేతులు కాదు. ఆ రాత్రి మా ఇంట్లో కూర్చుని ఇదే మాట చెప్పాను. సగంమందికి కోపం వచ్చింది. "మరేటి సెయ్యమంటావు? కోర్టుకెళ్తే మిగిలిందీ పోద్ది" అన్నారు. ఆ ప్రశ్నకి ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఈనాడు ఉంది కనక రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసినది ఆ చట్టం సంగతి. కంపెనీల దివాలాకి 2016లో కొత్త చట్టం వచ్చింది. అందులో వ్యక్తుల దివాలా గురించి కూడా రాశారు గాని, కంపెనీల అప్పులకి హామీ ఉన్నవాళ్ళ విషయంలో తప్ప ఆ భాగాన్ని అమలులోకి తేలేదు. అందుచేత మన వీధుల్లోని ఐపీలు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. అయిదువందల రూపాయల అప్పు ఉండి తీర్చలేనివాడు అర్జీ పెట్టుకోవచ్చని అందులో ఉంది. అయిదువందలు ఎంత పెద్ద మొత్తమో ఆ రోజుల్లో ఊహించుకోండి. ఈ చట్టాన్ని మోసగాళ్ళ కోసం చెయ్యలేదు. నిజంగా చితికిపోయినవాడు ఉన్నదంతా అప్పజెప్పి మళ్ళీ బతుకు మొదలుపెట్టటానికి చేశారు. రేపు మనలో ఎవరికైనా ఆ అవసరం రావచ్చు. కాబట్టి ఐపీ పెట్టిన ప్రతివాడూ దొంగే అనటం నాకు ఇష్టం లేదు. కానీ ఉన్నదంతా అప్పజెప్పాడా లేదా అని అడిగేవాళ్ళు ఉండాలి కదా?

అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది. 24వ సెక్షను. అర్జీ విచారణకి వచ్చిన రోజున, హాజరైన అప్పులవాళ్ళ ఎదుట, కోర్టు ఆ మనిషిని అతని నడవడి గురించీ, లావాదేవీల గురించీ, ఆస్తి గురించీ విచారించాలి. అతన్ని ప్రశ్నించే హక్కు అప్పులవాళ్ళకి ఉంది. విదేశాల్లో దివాలా కేసుల్లో అప్పులవాళ్ళ సమావేశమని వేరే జరుపుతారు. మనకి ఆ అవకాశం వచ్చేది ఈ విచారణలోనే. కానీ ఎవరూ రాకపోతే అడిగేవాళ్ళెవరు? నేను చూసినంతలో, నోటీసు అందుకున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆ రోజు కోర్టుకి వెళ్ళరు. వెళ్ళినా వరండాలో నిలబడి వచ్చేస్తారు.

మేం వకీలు దగ్గరికి వెళ్ళాం. వెళ్ళగానే ఆయన అడిగిన మొదటి మాట, "మీ మగవాళ్ళు రాలేదా అమ్మా?" అని. మాలో అందరికంటే పెద్దావిడ, పాలమ్ముకునే ఆమె, "డబ్బు మాది బాబూ, ఆళ్ళదేటి?" అంది. ఆయన నవ్వి కుర్చీలు వేయించాడు. మంచి వకీలే. కానీ ఆ ఒక్క మాట అనటానికి మనిషి కావాలి. వకీలుకి ఫీజు ఇచ్చి నోరు కూడా ఆయనకే అప్పజెప్పి రావటం మనకి అలవాటు. అది మానుకోవాలి.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు. కేసులో పస ఉందో లేదో మాత్రం వాళ్ళు చూస్తారు. మాలో నలుగురు అలాగే వకీలుని పెట్టించుకున్నారు. మిగిలినవాళ్ళం చందా వేసుకున్నాం.

నోటీసుతో వచ్చిన కాగితాలు వకీలు మాకు చదివి వినిపించాడు. అందులో రెండు జాబితాలు ఉన్నాయి. అప్పుల జాబితాలో మాలో ముగ్గురి పేర్లు లేనే లేవు. ఇద్దరి డబ్బు వాళ్ళ భర్తల పేర్లతో ఉంది, ఎందుకంటే నోటు రాసేటప్పుడు "ఆయన పేరే రాయండి" అన్నది వాళ్ళే. ఆస్తుల జాబితాలో ఒక మంచం, నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, బెల్లం తూచే కాటా ఉన్నాయి. ఊరవతల తోట లేదు. ఆ తోటలో మామిడికాయలు మేమంతా తిన్నవాళ్ళమే.

జాబితాలో పేరు లేకపోతే బాకీ లేనట్టు కాదు. దివాలాదారుగా ప్రకటించాక ప్రతి ఒక్కరూ తమ బాకీని అఫిడవిట్ వేసి రుజువు చేసుకోవాలి. అతనికి పూర్తి విముక్తి ఇచ్చేలోగా ఎప్పుడైనా ఆ పని చెయ్యవచ్చు. మరొక్క విషయం మరీ ముఖ్యం. ప్రాంసరీ నోటుకి గడువు మూడేళ్ళు. ఐపీ వేసినంత మాత్రాన ఆ గడువు ఆగిపోదు. ఎలాగూ ఐపీ ఉంది కదా అని కూర్చుని నోటు కాలదోషం పట్టించుకున్నవాళ్ళని చూశాను. కొందరు ఐపీ పెట్టేది అందుకే. వాయిదాల మీద వాయిదాలు వేయించి, గడువు దాటాక హాజరవటం మానేస్తారు. అర్జీ కొట్టేస్తారు. మనం దావా వేద్దామని చూసేసరికి నోటు చచ్చి ఉంటుంది. కాబట్టి వకీలుని అడగవలసిన మొదటి ప్రశ్న "డబ్బు వస్తుందా?" అని కాదు, "నా నోటుకి గడువు ఎప్పటిదాకా?" అని.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. వకీలు మమ్మల్ని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఎప్పుడు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఏ కాగితం ఉంది, తిరిగి ఎంత ముట్టింది అని అడిగాడు. బయట కూర్చున్నప్పుడు నేను తెలివిగా అనుకుని ఒక సలహా ఇచ్చాను. "ముట్టిన వడ్డీ సంగతి చెప్పకండి, లెక్క తగ్గిస్తారు" అని. టైలరింగు చేసే అమ్మాయి నా మాట విని పదివేలు ముట్టిన సంగతి దాచింది. కోర్టులో అవతలి వకీలు ఆమె స్వయంగా రాసిచ్చిన రసీదు చూపించాడు. ఆ అమ్మాయి బోనులో నీరుగారిపోయింది. అసలు బాకీ నిజమే అయినా, ఆ రోజు అబద్ధాలకోరు అనిపించుకున్నది ఆమె. ఆమె అఫిడవిట్ మళ్ళీ నిలబెట్టటానికి వకీలుకి రెండేళ్ళు పట్టింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. సంఘం కార్యకర్తలం మనం మాటసాయానికి వెళ్ళినప్పుడు వకీలు పని మనం చెయ్యకూడదని అప్పుడు తెలిసింది. వకీలు దగ్గర అన్నీ చెప్పాలి. మనకి నష్టం కలిగించేది ముందుగా చెప్పాలి.

పైగా, దాచినందువల్ల లాభమూ లేదు. వడ్డీ నూటికి రెండు రూపాయలని మేం మురిసిపోయాం. ఆస్తి పంచేటప్పుడు ఏడాదికి నూటికి ఆరుకి మించి వడ్డీ లెక్క వెయ్యరు. అందరి బాకీలూ పూర్తిగా తీరి ఇంకా మిగిలితేనే పై వడ్డీ. మిగలటం అనేది నేనెక్కడా చూడలేదు.

విచారణకి రెండు రోజుల ముందు అందరం మా ఇంట్లో కూర్చున్నాం. ఎవరెవరు ఏ ప్రశ్న అడిగించాలో రాసుకున్నాం. తోట ఎవరి పేరున ఉంది? ఎప్పుడు మార్చారు? ఎంతకి? లెక్క పుస్తకాలు ఎక్కడ? ఈమధ్య ఎవరి బాకీ అయినా తీర్చారా? ఈ ప్రశ్నలు ఊరికే రాసినవి కావు. అర్జీ పెట్టటానికి ముందు రెండేళ్ళలోపు సరైన ధర లేకుండా అయినవాళ్ళకి రాసేసిన ఆస్తినీ, ముందు మూడు నెలల్లో మిగతావాళ్ళని కాదని ఒకరికే కావాలని కట్టిన బాకీనీ కోర్టు రద్దు చెయ్యవచ్చు. ఆ తేదీలు బయటికి రావాలంటే ఎవరో ఒకరు అడగాలి.

ఆ రోజు పన్నెండుమందిమీ వెళ్ళాం. మొదటి వాయిదాకి అతను రాలేదు, రెండోదానికి వచ్చాడు. వకీలు మా ప్రశ్నలే వరసగా అడిగాడు. తోట ఏడు నెలల కిందట బావమరిదికి రాసినట్టు ఒప్పుకున్నాడు. "డబ్బు ముట్టిందా?" అంటే "మాలో మాకు లెక్కలున్నాయి" అన్నాడు. ఆ లెక్కలు చూపించమంటే నేల చూపులు చూశాడు. అరిచి శపిస్తే రాని నిజం మామూలు గొంతుతో అడిగిన మూడు ప్రశ్నలకి వచ్చింది.

ఆ తరవాత అతన్ని దివాలాదారుగా ప్రకటించటం, రిసీవరు రావటం, మధ్యలో కరోనా వల్ల కోర్టులు ఆగటం, ఇదంతా నాలుగేళ్ళు నడిచింది. చివరికి తోట పోతుందన్న భయంతో రాజీ ప్రతిపాదన పెట్టాడు. మొదట రూపాయికి పావలా అన్నాడు. ఇక్కడ చట్టంలో మనకి పనికొచ్చే ఇంకొక సంగతి ఉంది. అప్పులవాళ్ళ సమావేశంలో రాజీ నెగ్గాలంటే, బాకీలు రుజువై హాజరైనవాళ్ళలో మొత్తం విలువలో ముప్పాతిక వంతు ఉంటే చాలదు, తలల లెక్కలో కూడా సగానికి మించి ఒప్పుకోవాలి. లక్షలు ఇచ్చిన పెద్ద వ్యాపారులు ముగ్గురు పావలాకి సరే అన్నారు. వాళ్ళకి ఆ డబ్బు మళ్ళీ తిప్పుకుంటే చాలు. మా పదిమందిమి కాదన్నాం. పాలమ్ముకునే పెద్దావిడ తల, లక్షల వ్యాపారి తల అక్కడ ఒకటే. మళ్ళీ బేరం జరిగి రూపాయికి నలభై అయిదు పైసల దగ్గర కుదిరింది. అరవై వేలకి ఇరవై ఏడు వేలు. గెలిచామని చెప్పను. కానీ ఐపీ అంటే సున్నా అనుకున్నవాళ్ళం.

పన్నెండుమందిలో పదిమందిమి అన్నాను. మిగిలిన ఇద్దరికీ ఏమీ రాలేదు. ఒకామెకి ఏ కాగితమూ లేదు, సాక్ష్యం చెప్పేవాళ్ళూ లేరు. ఇంకొకామె నోటు కొడుకు పేర ఉంది. అతను తల్లికి చెప్పకుండా అయిదువేలు పుచ్చుకుని చెల్లు రాసేశాడు. ఆ డబ్బు సంపాదించింది ఆమె. చట్టానికి ఆమె ఎవరో తెలియదు.

ఇంకా ఇద్దరు ఆడవాళ్ళున్నారు. మా లెక్కలో లేనివాళ్ళు. అతని గోదాములో బెల్లం దిమ్మలు మోసి గోనెల్లో సర్దిన కూలీలు. మూడు నెలల కూలి రావాలి. కూలి బాకీని ముందుగా తీర్చాలని చట్టంలో ఉందని విని ఆశగా వచ్చారు. వకీలు 61వ సెక్షను తీసి చదివాడు. ముందు నాలుగు నెలల కూలికి మొదటి హక్కు ఉంది, ఒక్కొక్కరికి ఇరవై రూపాయల దాకా! 1920లో రాసిన అంకె అది. మిగిలిన కూలికి అందరితోపాటు వరసలో నిలబడాలి. వకీలుకి నవ్వొచ్చింది. వాళ్ళిద్దరూ నవ్వలేదు. నూరేళ్ళలో పార్లమెంటు ఎన్ని చట్టాలు సవరించలేదు? కంపెనీల దివాలాకి కొత్త చట్టం చెయ్యటానికి తీరిక దొరికింది. ఈ ఇరవై రూపాయలని చూడటానికి తీరిక దొరకలేదు. కొత్త చట్టంలో వ్యక్తుల భాగాన్ని అమలులోకి తెమ్మనో, లేదా ఈ అంకెనైనా మార్చమనో మనం ఒక్క వినతిపత్రమైనా ఇచ్చామా?

ఆస్తి హక్కు గురించి మనం చాలా మాట్లాడాం. పొలంలో వాటా, పట్టాలో పేరు అడిగాం. కానీ మన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఉన్న ఆస్తి పొలం కాదు. పోపులపెట్టెలో దాచి, పక్కింటికి అప్పిచ్చిన ఈ కొద్ది డబ్బే. అది ఎవరి పేరున ఉందో, దానికి కాగితం ఉందో లేదో అడగటం కూడా ఆస్తి హక్కు పనే. అగ్రిగోల్డు బాధితుల సంగతి చూడండి. 2019 నవంబరులో పదివేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు డిపాజిట్లవాళ్ళకి ప్రభుత్వం డబ్బు చెల్లించింది. అప్పుడు అందరూ వెతుక్కున్నది బాండ్లూ రసీదులే.

అందుచేత నా సూచనలు ఇవి. ప్రతి సంఘమూ ఏడాదికొకసారైనా అప్పు కాగితాల సభ పెట్టాలి. నోటు ఎవరి పేరున ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది, ముట్టినదంతా రాసి ఉందా అని ఒక్కొక్కరి కాగితమూ చూడాలి. ఇకమీదట నోటు డబ్బిచ్చిన ఆమె పేరునే రాయించాలి. ఐపీ నోటీసు వచ్చినామెతో ఒకరు వకీలు దగ్గరికి వెళ్ళాలి. మాట్లాడటం మాత్రం ఆమే మాట్లాడాలి. అసలు నోటు వకీలుకి ఇస్తే రసీదు తీసుకోవాలి, నకలు దగ్గర ఉంచుకోవాలి. ఖాళీ కాగితం మీద సంతకం ఎంత మంచి వకీలు అడిగినా పెట్టకూడదు. వాయిదా తేదీ రాసుకోకుండా ఆయన ఆఫీసు గడప దిగకూడదు. విచారణ రోజున అందరూ హాజరు కావాలి. అప్పు చేసినవాడి భార్య గుమ్మానికి మాత్రం వెళ్ళకూడదు.

ఈ చివరి మాట మా వీధిలో ఇప్పటికీ అందరికీ నచ్చదు. ఆ గాజులు లాగినామె, ఆ భార్య, ఇద్దరూ ఇప్పుడూ ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు, మాట్లాడుకోరు. నలభై అయిదు పైసల లెక్కలో అది చేరలేదు.